నిద్రించు గుండె - మరణించు గుండె : భేదము తెలిసి మెలగవలెను

"గుండెకు రక్తము తగ్గినచో ఏమగును?" అని అడిగినచో "గుండెపోటు వచ్చును" అని నేడు బడిపిల్లలు సైతము చెప్పుదురు. ఆ సమాధానమున సగము సత్యము కలదు. మిగిలిన సగము తెలియకపోవుట వలన మన ప్రాంతమున రెండు విధములైన అనర్థములు జరుగుచున్నవి. రక్తము హఠాత్తుగా నిలిచి గుండె కండరము నిమిష నిమిషమునకు చచ్చుచున్న వేళ, జనులు వాము నీళ్లు త్రాగుచు కాలము పుచ్చుచున్నారు. రక్తము మెల్లమెల్లగా తగ్గి, కండరము ప్రాణముతోనే యుండి నిద్రించుచున్న వేళ, "ఇక గుండె పోయినది, చేయునది లేదు" అని ఆశ వదలుకొనుచున్నారు. తొందరపడవలసిన చోట తాత్సారము, నిలుకడగా చికిత్స చేయవలసిన చోట నిరాశ. ఈ రెండును ప్రాణాంతకములే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నలుబది యేండ్లుగా నాడి పట్టుచున్న వాడను. గురుసన్నిధిని శాస్త్రము చదివి, అరణ్యమున మూలికలు గుర్తించుట నేర్చి, కల్వములో మందు నూరి వైద్యుడనైన వాడను. ఆయుర్వేదమునందు నాకు గల విశ్వాసమును శంకింపనక్కరలేదు. ఆ విశ్వాసముతోనే, గృహవైద్యమునకు గల ఎల్ల యేదో గృహవైద్య పత్రికలోనే చెప్పుట న్యాయమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

శాస్త్రమున హృదయము

చరకాచార్యులు శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటిని మహామర్మములుగా ఎన్నిరి. హృదయము ఓజస్సునకు నెలవు, పది మహాసిరలకు మూలము. రసధాతువును వ్యానవాయువు హృదయము నుండి సర్వశరీరమునకు వెదజల్లును. సాధకపిత్తము, అవలంబక కఫము అచ్చటనే యుండి దానిని కాపాడును. వాతజ, పిత్తజ, కఫజ, సాన్నిపాతిక, క్రిమిజ భేదములచే హృద్రోగములు ఐదు. వాతజ హృద్రోగమున గుండెను గుచ్చినట్లు, చిలికినట్లు, చీల్చినట్లు బాధ కలుగునని చెప్పబడినది. కఫము వలన మాత్రమే కలుగు ఇరువది వికారముల పట్టికలో 'ధమనీప్రతిచయము' అను మాట కలదు. ధమనుల యందు పేరుకొనుట అని దాని భావము. నేడు హృదయ ధమనుల లోపలి గోడలలో కొవ్వు, సున్నము పేరుకొని దారి ఇరుకగుటను చూచుచున్న మనకు ఆ మాట ఎంత సమీపమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను ఒక హెచ్చరిక. ప్రాచీనులు యాంజియోగ్రాము చూచిరని నేను చెప్పను. రెండు శాస్త్రముల మాటలను బలవంతముగా ముడివేసినచో రెండింటికిని గౌరవము తగ్గును. పోలిక అర్థమగుటకు మాత్రమే ఉపయోగించుకొందము.

కాలువ - కయ్య

ధాతుపోషణమును వివరించుటకు మన ఆచార్యులు కేదారీకుల్యా న్యాయమును చెప్పిరి. కాలువ నీరు ఒక కయ్య తడిపి మరియొక కయ్యకు పోవునట్లు రసము ధాతువులను వరుసగా పోషించునని దాని తాత్పర్యము. కె.సి. కాలువ క్రింద సేద్యము చేయు ప్రొద్దుటూరు రైతునకు, మైలవరము జలాశయము నెరిగిన జమ్మలమడుగు రైతునకు, బ్రాంచి కాలువ నీటికై ఎదురుచూచిన పులివెందుల రైతునకు ఈ న్యాయమును ఎవరును బోధింపనక్కరలేదు. కాలువలో నీరు తగ్గినపుడు మొదట ఎండునది చివరి ఆయకట్టు.

గుండె గోడలోను అట్టి చివరి ఆయకట్టు కలదు. హృదయ ధమనులు గుండె పైభాగమున వ్యాపించి, శాఖలుగా చీలి, గోడను తొలుచుకొని లోపలికి పోవును. కావున గోడ యొక్క లోపలి పొర అన్నింటికంటె చివర నున్నది. పైగా గుండె ముడుచుకొనునపుడు ఆ పొరపై ఒత్తిడి అధికము. ఎడమ జఠరిక గోడకు రక్తము ముఖ్యముగా గుండె సడలిన వేళనే అందును. కోపము, భయము, పరుగు వలన గుండె వేగము హెచ్చినచో సడలు సమయము తగ్గును. అవసరము పెరిగిన వేళనే అందు వ్యవధి తగ్గుట ఈ అవయవమునకు గల విపత్తు.

మరియొక విశేషము గలదు. విశ్రాంతిగా నున్నపుడు గుండె కండరమునకు నిమిషమునకు సుమారు 250 మి.లీ. రక్తము పోవును. గుండె పంపు మొత్తము రక్తములో అది ఇరువదవ వంతు మాత్రమే. శరీరములోని తక్కిన భాగములు తమకు వచ్చిన ప్రాణవాయువులో నాల్గవ వంతు మాత్రము తీసుకొని మిగిలినది విడిచిపెట్టును. గుండె కండరమో, విశ్రాంతిలోనే నూటికి డెబ్బది పాళ్లకు పైగా పీల్చుకొనును. అందుచేత అవసరము పెరిగినపుడు అదే రక్తము నుండి మరింత పిండుకొనుటకు మిగులు లేదు. రక్తమే హెచ్చుగా రావలెను. ఆరోగ్యవంతునిలో అది నాలుగైదు రెట్లు పెరుగగలదు. ధమని దారి డెబ్బది పాళ్లు మూసుకొన్నచో విశ్రాంతిలో ఏమియు తెలియకపోవచ్చును గాని, మెట్లెక్కునపుడు చాలదు. తొంబది పాళ్లు దాటినచో కూర్చున్నను చాలదు.

గుండె యొక్క అగ్ని

గుండె కండరము రోజుకు సుమారు లక్ష పర్యాయములు ముడుచుకొనును. ఈ శ్రమకు కావలసిన శక్తి ఏ.టి.పి. అను పదార్థము రూపమున లభించును. గుండెలో నిలువయుండు ఏ.టి.పి. కొన్ని క్షణములకు మాత్రమే సరిపోవును. ఖర్చయిన దానిని ఎప్పటికప్పుడు మరల తయారు చేసుకొనుచుండవలెను. అట్లు ఒక దినములో తయారగు ఏ.టి.పి. సుమారు 6 కిలోలని లెక్క. మూడువందల గ్రాముల అవయవము తన బరువునకు ఇరువది రెట్లు ఇంధనమును దినమునకు త్రిప్పుచున్నదన్నమాట. ఫాస్ఫోక్రియాటిన్ అను మరియొక పదార్థము దానికి చేబదులు వలె ఆదుకొనును.

ఈ రెండు పదార్థముల చరిత్రలో మన తెలుగువాని పేరు శాశ్వతముగా నిలిచినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకు పోవుటకు ముందు మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర రచనా శాస్త్రమును బోధించిరి. 1923లో హార్వర్డు చేరి, సైరస్ ఫిస్కే గారితో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండరమున గుర్తించిరి. అదే 1929లో జర్మనీలో లోమాన్ గారు కూడ ఏ.టి.పి.ని వేరుగా కనుగొనిరి. రక్తము తగ్గిన గుండెలో మొదట తరుగునది సుబ్బారావు గారు చూపిన ఈ సంపదయే. ఆయుర్వేద విద్యార్థులకు పాఠము చెప్పిన ఆచార్యుడు కనుగొన్న సత్యమును ఆయుర్వేద వైద్యులమైన మనము పరాయి శాస్త్రమని త్రోసిపుచ్చుట తగదు.

ఇక ఇంధనము సంగతి. ఆరోగ్యవంతమైన గుండె తన శక్తిలో నూటికి అరువది, డెబ్బది పాళ్లు కొవ్వు ఆమ్లముల నుండి పొందును. మిగిలినది చక్కెర నుండి, లాక్టేటు నుండి, కొంత కీటోనుల నుండి. కొవ్వు మంచి ఇంధనమే గాని, దానిని దహించుటకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. అంతే ప్రాణవాయువుతో చక్కెర సుమారు పదవ వంతు అధిక శక్తినిచ్చును. ధాత్వగ్ని ఏ ఆహారమును ఎంత వరకు పచనము చేయగలదో అదియే ధాతువు బలము అని మన సిద్ధాంతము. గుండె కండరమున ఈ మాట అక్షరాల కనబడును.

రక్తము ఒక్కసారిగా నిలిచినపుడు

ధమనిలో పేరుకొన్న పొర చిట్లి, దానిపై రక్తము గడ్డకట్టి దారి పూర్తిగా మూసినదనుకొందము. కొన్ని క్షణములలోనే ప్రాణవాయువుతో జరుగు దహనము ఆగిపోవును. ఒక నిమిషములోపుననే ఆ భాగము ముడుచుకొనుట మానును. ఫాస్ఫోక్రియాటిన్ వేగముగా హరించుకొనిపోవును. ప్రాణవాయువు లేకయే చక్కెరను విరుచుట అను ఒక్క మార్గము మిగులును. ఒక గ్లూకోజు అణువు ప్రాణవాయువుతో దహించినచో ముప్పదికి పైగా ఏ.టి.పి. వచ్చును. ఈ మార్గమున లభించునవి రెండే. పైగా లాక్టేటు, ఆమ్లము పేరుకొని, వాటిని కడిగివేయు రక్తము లేక, ఆ మార్గము కూడ మూసుకొనును. అపక్వముగా మిగిలి స్రోతస్సులను చెరచు దానిని మనము ఆమము అందుము. ఇదే అది యని నేననను. ఆ భావమును మాత్రము జ్ఞాపకము చేయును.

సుమారు ఇరువది నిమిషములు గడచిన పిదప కణములు తిరిగి కోలుకొనలేని రీతిగా చచ్చుట ఆరంభించును. మొదట చచ్చునది చివరి ఆయకట్టగు లోపలి పొర. అచ్చట నుండి మృత్యువు అలవలె వెలుపలికి కొన్ని గంటల పాటు వ్యాపించును. 1970లలో రైమర్, జెన్నింగ్స్ అను శాస్త్రజ్ఞులు జంతువులలో ఈ వ్యాప్తిని స్పష్టముగా చూపిరి. ప్రక్క దారులుగా సన్నని ధమనులు పెరిగియున్న వారిలో ఈ వ్యాప్తి కొంత మందగించును. కావున ఆ కొన్ని గంటలలో ఎంత త్వరగా దారి తెరువబడునో అంత కండరము మిగులును. మొదటి గంటలో దక్కునంత మూడవ గంటలో దక్కదు. మూడవ గంటలో దక్కునంత ఆరవ గంటలో దక్కదు.

ఇందులో పాఠకులు గమనింపవలసిన మరియొక అంశము కలదు. రక్తము తగ్గినపుడు మొదట మారునది లోపలి పచనము. పిదప కండరము సడలుట చెడును. తరువాత ముడుచుకొనుట చెడును. ఆ తరువాత ఇ.సి.జి. మారును. నొప్పి తెలియుట చిట్టచివర. నొప్పి చివరి దూత. మధుమేహులలో, వృద్ధులలో ఆ దూత రాకయే పోవచ్చును. ఆయాసము, చెమట, నీరసము, కడుపులో వికారము మాత్రమే కనబడవచ్చును.

"గ్యాసు" అను భ్రాంతి

"సామీ, గ్యాసు రొమ్ముకెక్కింది, ఏమన్నా సూర్ణముంటే ఇయ్యండి" అను మాట మన ప్రాంతపు వైద్యులు వినని వారముండదు. బంగారు అంగడిలో ఉదయము నుండి రాత్రి వరకు కూర్చుండు వర్తకుడు, మగ్గముపై వంగిన నేతగాడు, చీనీ తోటలో ఎండకు తిరిగిన రైతు, వంటింటి పొగలో నిలిచిన ఇల్లాలు, అందరిది ఒకటే మాట. వాము, శొంఠి, జీలకఱ్ఱ, గోలీసోడా వరుసగా పుచ్చుకొందురు. నిజముగా అజీర్ణమైనచో అవి మేలు చేయును. నేనును ఇచ్చుచునే యున్నాను. కాని ఎవరికి ఇయ్యరాదో తెలియుట ఇచ్చుట కంటె గొప్ప విద్య.

రొమ్ము నడుమ బరువు, పిసికినట్లు బాధ, ఎడమ చేతికి గాని, రెండు చేతులకు గాని, దవడకు గాని, వీపునకు గాని ప్రాకుట, చల్లని చెమట, దమ్ము, వాంతి, కండ్లు తిరుగుట, వీనిలో ఏవైనను పదునైదు నిమిషములకు తగ్గనిచో, అది గ్యాసు కాదని తేలు వరకు గుండెయే యని భావింపవలెను. ఇంతకు ముందు నడచినపుడు మాత్రమే వచ్చి, నిలిచినపుడు తగ్గు నొప్పి ఇపుడు కూర్చున్నపుడే వచ్చుచున్నచో అదియు ప్రమాద సూచనయే.

అట్టి వేళ వైద్యుని యింటి అరుగు మీద కూర్చుండరాదు. 108కి ఫోను చేయవలెను. రోగిని నడిపింపరాదు. మోటారు సైకిలు నడుము కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావ దోషము గలవారు కానిచో, 108 సిబ్బంది లేక వైద్యుని సలహాపై 300 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రను నమిలి మ్రింగింపవలెను. ఇ.సి.జి. తీయగల సమీప ఆసుపత్రికే మొదట చేరవలెను. పులివెందుల నుండి గాని, జమ్మలమడుగు నుండి గాని కడపకు సుమారు 70 కిలోమీటర్లు. తిరుపతికి నాలుగు గంటల ప్రయాణము. పెద్ద ఆసుపత్రిని వెదకుచు దారిలోనే ఆ విలువైన గంటలను కోల్పోవు వారు పెక్కురు. గడ్డను కరిగించు సూదిమందు ఈ దూరమును జయించుటకే పుట్టినది. 2023లో మన రాష్ట్రమున ప్రాంతీయ ఆసుపత్రులలోనే దానిని ఉచితముగా ఇచ్చు ఏర్పాటు ఆరంభమైనది. మొదట ఆ మందు, పిదప పెద్ద ఆసుపత్రి. ఈ క్రమమును ప్రతి గృహస్థుడును తెలిసియుండవలెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన శస్త్రచికిత్స బీదలకును అందుబాటులోనికి వచ్చినది. కాని చచ్చిన కండరమును ఏ పథకమును తిరిగి తేలేదు.

రక్తము మెల్లమెల్లగా తగ్గినపుడు

ఇక రెండవ సంగతి. నీరు చాలని యేట వివేకవంతుడగు రైతు ఏమి చేయును? వరి మానును. విస్తీర్ణము తగ్గించి కొఱ్ఱ గాని, జొన్న గాని చల్లును. పొలము బీడుగా కనబడును గాని భూమి చావలేదు. నీరు వచ్చిన నాడు మరల పండును. గుండె కండరము కూడ ఇట్లే వర్తించును. రక్తము దీర్ఘకాలము కొరతగా నున్నపుడు, లేక మాటిమాటికి తగ్గుచున్నపుడు, అది తన పనిని తగ్గించుకొనును. కొవ్వును దహించుట తగ్గించి, ప్రాణవాయువు తక్కువ కోరు చక్కెర వైపు మరలును. కణములలో ముడుచుకొను తంతువులు తగ్గి, వాని స్థానమున గ్లైకోజను నిలువయగును. ఎకోలో చూచినచో ఆ భాగము కదలదు. చచ్చినదనిపించును. కాని ప్రాణమున్నది. దీనిని నిద్రాణ కండరమని పిలుచుచున్నారు. 1980లలో రహీంతులా అను హృద్రోగ నిపుణుడు ఈ భావమును వైద్యలోకమున స్థిరపరచెను.

దీనికి దాయాది యగు మరియొక స్థితి కలదు. రక్తము కొంతసేపు నిలిచి మరల వచ్చినను, కండరము వెంటనే పనిచేయక కొన్ని గంటలు, దినములు, ఒక్కొక్కప్పుడు వారములు మ్రాన్పడియుండును. 1982లో బ్రౌన్‌వాల్డ్, క్లోనర్ అనువారు దీనిని వివరించిరి. గుండెపోటు చికిత్స జరిగిన మూడవనాడు తీసిన ఎకో చూచి "ఇంతే మిగిలినది" అని కుటుంబమంతయు విలపించుట చూచుచున్నాము. ఆ కాగితములోని అంకె తుది తీర్పు కాదు. కొన్ని వారముల పిదప మరల తీయించినపుడు మెరుగుపడిన వారు ఎందరో.

ఆ అంకెను గూర్చియు ఒక మాట. "ఇ.ఎఫ్. 60" అని వ్రాసియున్నచో "నూటికి అరువదియే పనిచేయుచున్నది" అని భయపడి వచ్చువారు కలరు. అది పరీక్షలో వచ్చిన మార్కు కాదు. ఎడమ జఠరికలో నిండిన రక్తమున ఒక్కొక్క ముడుపునకు ఎంత పాలు వెలుపలికి పోవునో చెప్పు లెక్క. 55 నుండి 70 వరకు సహజమే. 35 కంటె తగ్గినచో తీవ్రమైన బలహీనత. అపుడు వైద్యుని ఇట్లు అడుగవలెను: "కదలని ఆ భాగము చచ్చినదా, నిద్రించుచున్నదా?" మందు ఎక్కించి తీయు ఎకో, ఎం.ఆర్.ఐ., పెట్ స్కాన్ వంటి పరీక్షలు దీనిని తెలుపగలవు. రక్తము తక్కువైనను చక్కెరను పీల్చుకొనుచున్న కండరము ప్రాణముతో నున్నదని పెట్ స్కాన్ చూపును.

సత్యమును పూర్తిగా చెప్పవలెను గనుక ఇదియు వ్రాయుచున్నాను. నిద్రాణ కండరమంతయు దారి తెరచినంతనే మేలుకొనదు. ఆలస్యమైనచో నారవలె గట్టిపడి చివరకు చచ్చును. తీవ్ర బలహీనత గల 1,212 మందిపై 22 దేశములలో జరిగిన పరిశీలనలో, బైపాసు చేసికొన్న వారిలో పది యేండ్లకు మరణములు కొంత తగ్గినవని 2016లో వెల్లడియైనది. 700 మందిపై జరిగి 2022లో వెలువడిన బ్రిటిషు పరిశీలనలో, స్టెంట్లు వేసినందున మందులకు మించిన మేలు కనబడలేదు. సజీవ కండర పరీక్ష ఒక్కటే దారి చూపజాలదనియు తేలినది. కావున "అందరికిని స్టెంటు" అను మాటయు, "ఎవరికిని వలదు" అను మాటయు రెండును తప్పులే. రోగి రోగికి విచారింపవలెను. రెండు పరిశీలనల యందును ఇరుపక్షముల వారికిని మందులు నియమముగా ఇయ్యబడినవని మరువరాదు. గుండె వేగమును తగ్గించు మాత్ర ఏమి చేయుచున్నది? నీరు తక్కువైన యేట పంట తగ్గించిన రైతు వలె, గుండె యొక్క కోరికను తగ్గించుచున్నది. ఇందులో మన శాస్త్రమునకు విరుద్ధమేమున్నది?

"బ్లాకులు కరిగించు" ప్రకటనలు

ఆపరేషను లేకుండ నలుబది దినములలో బ్లాకులు కరిగించెదమని గోడల మీద, కరపత్రముల మీద, ఇపుడు సెల్‌ఫోనుల మీద ప్రకటనలు కనబడుచున్నవి. అల్లము, వెల్లుల్లి, నిమ్మరసము, తేనె కలిపి కాచిన లేహ్యము ఇంటింట వెలసినది. అది ఆహారముగా చెడ్డది కాదు. సున్నము కట్టిన ధమనిని తెరచునని చెప్పుట మాత్రము శాస్త్రసమ్మతము కాదు. అట్టి మాట నమ్మి ఆసుపత్రి మాత్రలను మానివేసినవారు, ముఖ్యముగా స్టెంటు వేయించుకొన్న మొదటి సంవత్సరములో రక్తము గడ్డకట్టనీయని మాత్రలను మానినవారు, ప్రాణములతో చెలగాటమాడుచున్నారు. వాగ్దానము చేసినవాడు ఊరు మార్చును. నష్టపోయిన కుటుంబము ఊరిలోనే మిగులును. ఆపై ఆ అపకీర్తి ఆయుర్వేదమునకు చుట్టుకొనును. ఈ ప్రకటనలను ఖండింపవలసిన మొదటివారము మనమే. సాధ్యాసాధ్య వివేకము లేనివాడు వైద్యుడు కాడని మన గురువులు చెప్పిరి. తనకు సాధ్యము కాని రోగిని తగిన చోటికి పంపుట వైద్యునికి లాఘవము కాదు, ధర్మము.

ఆయుర్వేదము చేయగలది

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. రోగము స్థిమితపడిన పిదప, ఆసుపత్రి మందులను కొనసాగించుచునే, మనము చేయగలది కొంత కలదు.

తెల్లమద్ది బెరడు హృద్రోగమున ప్రసిద్ధము. చక్రదత్తుడు దీనిని పాలతో నిచ్చు విధమును చెప్పెను. చూర్ణము 1 వంతు, పాలు 8 వంతులు, నీరు 32 వంతులు కలిపి, సన్నని సెగపై పాలు మాత్రము మిగులు వరకు కాచి వడగట్టవలెను. అనగా 6 గ్రాముల చూర్ణమునకు సుమారు 50 మి.లీ. పాలు, 200 మి.లీ. నీరు. దీనిపై మన దేశమున జరిగిన చిన్న పరిశీలనలలో కొందరికి నొప్పి తగ్గి, నడక సులువైనట్లు కనబడినది. గుండె పంపు శక్తి పెరుగునని గాని, మరణము తప్పునని గాని నిలుకడగా ఋజువు కాలేదు. కావున ఇది తోడు మందు. గుండెపోటు వేళ ఇయ్యదగినది కాదు.

వెల్లుల్లి, గుగ్గులు రక్తమును పలుచబరచు మాత్రలతో కలిసినపుడు రక్తస్రావము కలిగింపవచ్చును. యష్టిమధువు దీర్ఘకాలము వాడినచో రక్తపోటు పెరిగి పొటాషియము తగ్గును. తయారీ తెలియని భస్మములు మూత్రపిండములను చెరుపును. కావున ఇద్దరు వైద్యుల యొద్ద మందు పుచ్చుకొనువారు ఇద్దరికిని రెండు చీట్లు చూపవలెను. దాచుట వలన వైద్యునికి కలుగు నష్టమేమియు లేదు.

పథ్యమే పెద్ద మందు

మన సీమ ఆహారము మూలమున చెడ్డది కాదు. కొఱ్ఱ అన్నము, జొన్న రొట్టె, రాగి సంగటి, అలసంద, ఉలవ, ఆకుకూరలు హృదయమునకు హితములే. పండుగకు మాత్రమే తిన్న మాంసము వారమునకు నాలుగు మారులైనది. ఒక్కసారి కాచిన నూనెలోనే దినమంతయు బజ్జీలు వేయుట మామూలైనది. ఊరగాయ, అప్పడము, చట్నీ పొడులతో ఉప్పు మితిమీరినది. రోజుకు ఒక్కొక్కరికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదు. సంగటి ముద్ద నాడు దున్నినవానికి పెట్టినంత నేడు అంగడిలో కూర్చున్నవానికి పెట్టరాదు.

బీడీ, సిగరెట్టు, పొగాకు నమలుట పూర్తిగా మానవలెను. ఇందులో మితమను మాట లేదు. మధుమేహము, రక్తపోటు గలవారు వాటిని అదుపులో నుంచుకొనవలెను. రోజుకు అరగంట నడక చాలును. మన వేసవి ఎండలో తెల్లవారుజామునే నడచుట మేలు. నడచినపుడు రొమ్ము బరువెక్కినచో నిలిచిపోయి, ఆ దినమే వైద్యునికి చెప్పవలెను. గుండె బలహీనపడినవారు నీరు, మజ్జిగ ఎంత త్రాగవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. వేసవి గదా యని ఇష్టము వచ్చినంత త్రాగరాదు. చిత్తోద్వేగము, పగ, అప్పుల చింత హృదయమునకు శత్రువులని చరకుడు చెప్పినదానిని ఈ ప్రాంతపు వైద్యులు ప్రతిదినము కన్నులార చూచుచున్నారు. రాత్రి నిద్ర, ఉదయపు ప్రాణాయామము, ఇంటిలో మంచి మాట, వీనికి ఖర్చు లేదు.

పాఠక మహాశయులారా! రక్తము ఒక్కసారి నిలిచినచో గంటలు లెక్కింపుడు. మెల్లగా తగ్గినచో ఆశ వదలక విచారింపుడు. మొదటిదానికి ఆసుపత్రి, రెండవదానికి ఆసుపత్రియు పథ్యమును. వాము డబ్బా ప్రక్కనే 108 అను అంకెను గోడపై పెద్దగా వ్రాసియుంచుడు. ఇంటిలో అక్షరములు రాని అవ్వకును ఆ అంకె చూపి నేర్పుడు. రాత్రి రెండు గంటల వేళ తాతకు చెమటలు పోసినపుడు మొదట మేలుకొనునది ఆమెయే.